ఆత్మ అనే పూడిల్



క్రిందటి వేసవిలో అమెరికాలో ఉన్న మా అమ్మాయి నన్ను ఒక కుక్కల శరణాలయానికి తీసుకొనివెళ్ళింది. కూనల ముందు జనం గుమిగూడి ఉన్నారు. ఒక మూల మాత్రం పదేళ్ళ పూడిల్ ఒకటి ముడుచుకొని పడుకొన్నది. దానిని పెంచిన వృద్ధురాలు కాలం చేయగా అక్కడికి చేరినదట. “దీన్ని తీసుకొందామా నాన్నగారూ?” అన్నది. “ఇంకెన్నాళ్ళు బ్రతుకుతుందమ్మా?” అన్నాను. అన్న మరుక్షణమే ఆ ప్రశ్న అరవయ్యేడేళ్ళ నాకే వచ్చి తగిలింది. మారు మాటాడక ఇంటికి తెచ్చుకొన్నాము.

నాటినుండి ఈ జాతి చరిత్ర తెలుసుకోవాలనే కుతూహలం కలిగింది. దాని ఉంగరాల జుట్టును చూసి విలాసజీవి అనుకొంటాము గాని, పూర్వం అది వేటగాళ్ళు కొట్టిన బాతులను నీళ్ళలో దిగి తెచ్చిన శ్రమజీవి. ‘పూడిల్’ అన్నమాట నీటిలో తపతపలాడటాన్ని సూచించే జర్మను పదం నుండి పుట్టింది. ఫ్రెంచివారు పెట్టిన ‘కనీష్’ అన్న పేరులోనూ బాతే ఉన్నది. ఈతకు అడ్డురాకుండా జుట్టు కత్తిరించి, చలి తగలకుండా రొమ్మునా కీళ్ళవద్దా ఉంచేవారట. అవసరంగా మొదలైనది తరువాత అలంకారమైంది.

పూడిళ్ళను పెంచినవారిలో నన్ను ఆకట్టుకొన్నవాడు జర్మను తత్త్వవేత్త షోపెన్‌హావర్. దారాషికో 1657లో పారశీకంలోకి తెచ్చిన ఉపనిషత్తులను ఆంకెతిల్ దుపెరాన్ లాటినులోకి మార్చి 1801-02లో ప్రకటించాడు. ఆ గ్రంథాన్ని షోపెన్‌హావర్ ప్రాణప్రదంగా చదివాడు. అందుకేనేమో తన పూడిల్‌కు ‘ఆత్మ’ అని పేరు పెట్టుకొన్నాడు. ఒకటి పోతే మరొకటి తెచ్చి దానికీ అదే పేరు పెట్టేవాడు. శరీరాలు మారినా ఆత్మ ఒక్కటే కదా! పెళ్ళాంబిడ్డలు లేని ఆ పెద్దమనిషి 1860లో కన్నుమూశాడు. తన తరువాత ఆ కుక్క దిక్కులేనిది కాకుండా మరణశాసనంలో దాని పోషణకు ఏర్పాటు చేసిపోయాడు.

అటువంటి యజమాని లేని కుక్కల గతి ఏమిటి? అదే 1860లో లండన్‌లోని హాలోవేలో మేరీ టీల్బీ అనే మహిళ, తప్పిపోయిన, ఆకలితో మాడుతున్న కుక్కలకు ఒక ఆశ్రయం తెరిచింది. మనుషులకే దిక్కులేదు, కుక్కలకు ఇల్లా అని పత్రికలు పరిహసించాయి. ఆమె 1865లో మరణించినా ఇల్లు నిలిచింది. 1871లో బాటర్సీకి తరలి నేటికీ నడుస్తున్నది.

తెలుగు పంతులును గనుక భారతం జ్ఞాపకం రాక మానదు. సర్పయాగ కథకు ముందే సరమ అనే దేవశునకం, నిరపరాధియైన తన బిడ్డను కొట్టినందుకు జనమేజయుని నిలదీస్తుంది. చివర ధర్మరాజు వెంట నడిచిన కుక్కను విడిచి స్వర్గానికి రానంటాడు. ఏళ్ళ తరబడి ఈ ఘట్టాన్ని పిల్లలకు పాఠంగా చెప్పాను. అయినా శరణాలయంలో నా నోట మొదట వచ్చినది ఆయుర్దాయపు లెక్క!

దాని పేరు మేము మార్చలేదు. పదేళ్ళు ఒకరు ప్రేమగా పిలిచిన పేరది. తిరుగుప్రయాణం నాడు, “మీరు ఊళ్ళో లేనప్పుడు దీనిని ఎవరు చూస్తారమ్మా?” అని అడిగాను. పక్కింటివారితో ముందే మాట్లాడి ఉంచానన్నది. పాఠం నేను చెప్పాను. నేర్చుకొన్నది మా అమ్మాయి.