రువాండా దేశీయాహారము, భోజనాచారములు

తూర్పు మధ్యాఫ్రికాలో, భూమధ్యరేఖకు కొంచెము దక్షిణముగా నున్న కొండల దేశము రువాండా. దీని ఆహారచరిత్రను పరిశీలించువారికి మొట్టమొదట గోచరించు విశేషమేమనగా, ఇచటి జనుల గౌరవము నందుకొన్న ఆహారము వేఱు, వారి కడుపు నింపిన ఆహారము వేఱు. పాలును జొన్నయు రాజాస్థానమునందును శుభకార్యములందును అగ్రస్థానము నాక్రమించియుండగా, నిత్యము కుండలో నుడికినవి మాత్రము దూరదేశములనుండి వచ్చి చేరిన చిక్కుడు గింజలును, చిలగడదుంపలును, అరటికాయలును.

గోవు ఇచట సంపదకు కొలమానము. పొడవైన కొమ్ములుగల ఇన్యాంబో జాతి పశువులు రాజవైభవమునకు చిహ్నములు. ఎదురుపడిన వారిని 'మందలు గలుగుగాక' యని దీవించుట వాడుక. గోదానముచే ఒకడు మఱియొకనికి ఆశ్రితుడగు 'ఉబుహాకే' పద్ధతి తరతరములుగా సాగి, 1954లో గాని రద్దు కాలేదు. ఇంత విలువైన పశువును మాంసమునకై వధించుట సహజముగానే అరుదు. దానివలన గ్రహింపదగినది పాడి. పాలు పితుకుట పురుషుల పని, స్త్రీలకు నిషిద్ధము. చిలుకుట మాత్రము స్త్రీల వంతు. ఎండిన పెద్ద సొరబుఱ్ఱతో చేసిన 'ఇగిసాబో'లో పులిసిన పాలు పోసి, కవ్వమన్నది లేకయే, ఆ బుఱ్ఱనే ఒడిలోనో నేలమీదనో ఉంచుకొని ముందునకు వెనుకకు చిరకాల మూపి వెన్న తీయుదురు. ఆ వెన్న తినుటకే గాక మేనికి పూసికొనుటకును ఉపయోగపడెను. చిక్కగా పులిసిన పాలను 'ఇకివుగుతో' అందురు.

ధాన్యములలో ప్రాచీనములు జొన్నయు చోళ్లును. జొన్నపంట చేతికి వచ్చినపుడు జరుగు 'ఉముగనూర' ఉత్సవము కేవలము గ్రామీణుల వేడుక గాక, 'అబీరు' అను ఆస్థాన క్రతువేత్తల పర్యవేక్షణమున, రాజు నూతన ధాన్యమును స్వీకరించు మహాక్రతువై, రాజ్యమునకును పంటకును గల బంధమును ఏటేట చాటుచుండెను. రాజశక్తికి మూలమెచట నున్నదో నాటి వలసపాలకులైన బెల్జియమువారు చక్కగనే గ్రహించిరనుటకు నిదర్శనము, వారు 1925లో ఈ క్రతువును నిషేధించి, దాని నిర్వాహకుడైన గషామురాను బురుండికి ప్రవాసము పంపుటయే; ఆఱేండ్ల తరువాత, అప్పటి రాజగు ముసింగాను సైతము పదభ్రష్టుని గావించిరి. 2011లో పునరుద్ధరింపబడిన ఈ ఉత్సవము నేడు ఆగస్టు మొదటి శుక్రవారమున జాతీయ పర్వముగా జరుగుచున్నది. ఆనాడు పెద్దలు పులియబెట్టిన జొన్నమద్యమగు 'ఇకిగాగె'ను సేవింతురు, పిల్లలకు పాలు పోయుదురు.

చిక్కుడు గింజలు, చిలగడదుంప, మొక్కజొన్న, కర్రపెండలము – ఇవన్నియు అమెరికాఖండమున బుట్టి, పోర్చుగీసు వర్తకుల నౌకలలో ఆఫ్రికా తీరములకు చేరి, క్రమముగా లోనాడులకు పాకినవి. బంగాళాదుంప ఇరువదవ శతాబ్దారంభమున ఐరోపీయుల వెంట వచ్చి, ఉత్తరమున ముసాంజె ప్రాంతపు అగ్నిపర్వతసానువుల చల్లదనమునకు అలవాటుపడినది. 1928–29 నాటి 'ర్వాకయిహూర' యను దారుణక్షామము తరువాత వలసప్రభుత్వము కర్రపెండలము మున్నగు దుంపపంటలను నిర్బంధముగా వేయించెను. అయినను 1943–44లో 'రుజగాయూర' అను మఱియొక క్షామము తప్పలేదు. ఇప్పుడు దేశీయవంటకములుగా పేరెన్నికగన్నవానిలో, పెండలపు పిండిని మరుగునీట కెలికి చేయు సంకటియగు 'ఉబుగాలి'యు, పెండలపు లేతాకును రోట దంచి, దానియందలి విషాంశము పోవువఱకు ఉడికించి, వేరుసెనగపిండి చేర్చి వండు 'ఇసోంబే'యు ముఖ్యములు. మసాలా ద్రవ్యములు మిక్కిలి తక్కువ. చిక్కుడు గింజలను దుంపలతోనో, అరటికాయలతోనో, గుమ్మడితోనో కలిపి మట్టికుండలో తాపీగా ఉడికించి, ఉప్పు చేర్చిన చాలును.

అరటిలో కొన్ని రకములు వంటకు, కొన్ని మద్యమునకు. కాయలను ఆకులు పఱచిన గోతిలో కప్పి మాగబెట్టి, తీసి, కొయ్యతొట్టిలో గడ్డితో కలిపి పిసికి రసము తీసి, వేయించిన జొన్నపిండి చల్లి ఒకటి రెండు దినములు పులియనిచ్చిన 'ఉర్వాగ్వా' సిద్ధమగును. పెండ్లిమాటలకును, తగవు తీర్పులకును ఇది లేనిదే సభ కూడదు. అతిథికిచ్చుటకు ముందు గృహస్థుడు తాను రుచిచూచుట మర్యాద. అందు విషము లేదని తెలుపుట దాని యుద్దేశము. ఒకే కుండలో పొడవైన గొట్టము లుంచి పలువురు కలిసి త్రాగుట పూర్వాచారము.

బాటలయందును బహిరంగస్థలములందును నలుగురు చూచుచుండగా తినుట అసభ్యమని ఇచటి పెద్దలు నేటికిని తలంతురు. భోజనము గృహాంతరమున జరుగవలసిన కార్యము. స్త్రీలు మేకమాంసము తినరాదనియు, తినినచో గడ్డము మొలచుననియు ఒక విశ్వాసము వ్యాపించియుండెను. ఆ నిషేధమువలన లాభపడినవారెవరో పాఠకు లూహింపగలరు. గొఱ్ఱెమాంసమును పలువురు ముట్టరైరి. చేప సరస్సుల యొడ్డునగల వారికి మాత్రమే పరిచితము. 1950ల చివర టాంగన్యీకా సరస్సునుండి తెచ్చి కివూ సరస్సున విడిచిన 'సంబాజ' అను చిఱుచేప తరువాతి కాలమున ప్రజాహారమైనది.

1957లో గిసెన్యీ పట్టణమున బ్రాలిర్వా బీరు కర్మాగారము వెలసినను ఉర్వాగ్వా పల్లెలను వీడిపోలేదు. 2006లో ప్రభుత్వము బీదకుటుంబమున కొక యావు నిచ్చు 'గిరింకా' పథకము నారంభించెను. ఒకప్పుడు స్త్రీలకు వర్జ్యమైన మేకమాంసము, నిప్పులమీద కాల్చిన 'బ్రోషెట్టు'గా కిగాలీ నగరమున సాయంకాలపు ప్రియభోజ్యమైనది. అచట ప్రధానముగా పాలనే అమ్ము అంగళ్లు పెక్కు గలవు. వానిలో ఇకివుగుతో గ్లాసుతోపాటు, తూర్పు ఆఫ్రికాకు వలసపోయిన భారతీయులవలన ఆ దేశముల వ్యాపించిన చపాతీని నంజుకొని ఉదయపు ఫలాహారము ముగించుకొనువారు అనేకులు.