కారు రంగుపై గ్లేజ్, సీలెంట్, వాక్స్: ఏది ముందు, ఏది తర్వాత?

కొత్త కారు ఇంటికి వచ్చిన తొలి నెలల్లో బానెట్ అద్దంలా మెరుస్తుంది. ఏడాది తిరిగేసరికి అదే బానెట్‌పై ఎండ పడినప్పుడు సాలెగూడును తలపించే సన్నని గీతలు వలయాలుగా బయటపడతాయి. యజమాని సర్వీసు కేంద్రానికి వెళితే 'వాక్స్ పాలిష్', 'గ్లేజింగ్', 'టెఫ్లాన్ కోటింగ్' వంటి పేర్లతో ధరల పట్టిక చేతికి వస్తుంది. పేర్లు వేరైనా పని ఒక్కటేనన్న అభిప్రాయం చాలామందిలో ఉంది.

నిజానికి వీటి పనులు వేర్వేరు. పాలిష్ రంగు పైపొరను కొంత అరగదీస్తుంది. గ్లేజ్ గీతలను దాచిపెడుతుంది. సీలెంట్, వాక్స్ ఎండావానల నుంచి కాపాడతాయి. ఏది దేనికో, ఏ వరుసలో వేయాలో తెలియకపోతే పెట్టిన ఖర్చు నాలుగు సార్లు కారు కడిగేలోపే నీటిపాలవుతుంది. మెరుపు కోసం మాటిమాటికీ పాలిష్ పట్టిస్తే, తిరిగి రాని పైపొర అరిగిపోయి అంతకన్నా పెద్ద నష్టం జరుగుతుంది.

కారు రంగులో ఎన్ని పొరలు?

నేటి కార్లలో లోహపు రేకుపై సాధారణంగా నాలుగు పొరలు ఉంటాయి. మొదటిది విద్యుత్ ప్రవాహం సాయంతో అంటించే తుప్పు నిరోధక పూత. దానిపై ప్రైమర్, ఆపైన అసలు రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికన్నా పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఈ మొత్తం మందం చాలా కార్లలో 100 నుంచి 150 మైక్రాన్లు. మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటారు. ఇందులో క్లియర్ కోట్ వాటా సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. అంటే అది మనిషి తలవెంట్రుక కన్నా పలుచన.

అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు ఈ పలుచని పొరలోనే ఉంటాయి. అది అరిగిపోతే కింది రంగు వెలిసిపోతుంది, పెచ్చులు లేస్తుంది. ఆ దశలో ఏ మైనమూ పనిచేయదు. ఆ భాగానికి మళ్లీ రంగు వేయించడం ఒక్కటే మార్గం. గ్లేజ్, సీలెంట్, వాక్స్ విషయంలో తీసుకునే ప్రతి నిర్ణయమూ ఈ పొరను ఎంతకాలం కాపాడుకోగలం అన్నదానిపైనే ఆధారపడాలి.

గ్లేజ్ అంటే ఏమిటి?

గ్లేజ్‌లో ప్రధానంగా నూనెలు, సన్నని గీతల్లో ఇమిడిపోయే పూరక పదార్థాలు ఉంటాయి. అవి గీతల అంచులపై కాంతి చెదరకుండా చేయడం వల్ల రంగు లోతుగా, తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది. నలుపు, ముదురు ఎరుపు, ముదురు నీలం కార్లపై ఈ తేడా బాగా తెలుస్తుంది. అయితే గీత పోదు, కప్పబడుతుంది. గ్లేజ్‌కు ఎండను, వానను తట్టుకునే శక్తి దాదాపు లేదు. పైన మరో పూత లేకపోతే కొద్ది వాష్‌లకే అది కొట్టుకుపోతుంది.

సీలెంట్ అంటే ఏమిటి?

ఇది కృత్రిమ పాలిమర్లతో చేసిన రక్షణ పూత. చాలా రకాల్లో రంగు ఉపరితలాన్ని పట్టుకుని ఉండే సిలికోన్ పదార్థాలు ఉంటాయి. శుభ్రమైన క్లియర్ కోట్‌పై వేస్తే అది గట్టిపడి, వాడకాన్ని బట్టి నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. మెరుపు స్వచ్ఛంగా, అద్దంలా ఉంటుంది. పూర్తిగా గట్టిపడటానికి చాలా రకాలకు 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఆ సమయంలో కారుపై నీరు పడకూడదు.

'టెఫ్లాన్ కోటింగ్' పేరుతో వేసేవి కూడా ఈ కోవకు చెందినవే. టెఫ్లాన్‌గా మనకు తెలిసిన పీటీఎఫ్ఈ 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. వంటపాత్రలకు దానిని అంతకన్నా ఎక్కువ వేడిలో అంటిస్తారు. కారు రంగు అంత వేడిని భరించలేదు. కాబట్టి చేత్తో రుద్దే పూత పెనం మీది పూతలా పట్టుకుంటుందని అనుకోకూడదు. దాన్ని కొన్ని నెలలు నిలిచే సీలెంట్‌గానే లెక్కించాలి.

వాక్స్ అంటే ఏమిటి?

వాక్స్ అంటే మైనం. కారు వాక్స్‌లలో పేరున్నది కార్నౌబా. ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకులపై ఏర్పడే మైనమిది. సహజ మైనాల్లో బాగా గట్టిది. 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరుగుతుంది. అంత గట్టి మైనాన్ని నేరుగా రుద్దలేరు కనుక డబ్బాలో అమ్మే వాక్స్‌లో నూనెలు, ద్రావకాలు, ఇతర మైనాలు కలుపుతారు. అందుకే మన ఎండల్లో అది ఎక్కువ కాలం నిలవదు. కొద్ది వారాల నుంచి రెండు మూడు నెలల వరకు పనిచేస్తుంది. సీలెంట్ ఇచ్చే అద్దపు మెరుపుకు వాక్స్ కొంత వెచ్చని నిగారింపును జోడిస్తుంది.

వేసే ముందు ఏం చేయాలి?

పాత పెచ్చులు గీకకుండా గోడకు సున్నం వేస్తే ఏమవుతుందో, మురికి తొలగించకుండా కారుకు సీలెంట్ వేసినా అదే జరుగుతుంది. ముందుగా కార్ల కోసం తయారైన షాంపూతో కడగాలి. షాంపూ నీళ్లకు ఒక బకెట్, గుడ్డను జాడించడానికి మరో బకెట్ వాడితే ఇసుక రేణువులు తిరిగి రంగుపైకి రావు.

కడిగి ఆరిన తర్వాత చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్‌పై మెల్లగా నిమిరి చూడాలి. గరుకుగా తగిలితే బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, చెట్ల జిగురు, తారు చుక్కలు రంగులో ఇరుక్కుని ఉన్నాయని అర్థం. ఇనుప రజనుకు ఐరన్ రిమూవర్ ద్రావణం చల్లుతారు. అది ఇనుముతో కలిసిన చోట ఊదారంగులోకి మారుతుంది. మిగిలిన మురికిని క్లే బార్ అనే మెత్తని బంకముద్దతో, తడి ఆరనివ్వకుండా తీస్తారు. ముద్ద నేలపై పడితే దాన్ని పారేయాలి. అంటుకున్న ఒక్క ఇసుక రేణువు చాలు, కొత్త గీతలు పెట్టడానికి.

గీతలు నిజంగా ఇబ్బంది పెడుతున్నప్పుడే పాలిష్ చేయించాలి. పాలిష్ అంటే గీత అడుగు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను అరగదీయడం. ప్రతి పాలిష్‌తోనూ కొంత మందం పోతుంది. గోరు తగిలి ఆగేంత లోతైన గీతను పాలిష్‌తో పూర్తిగా తీయాలనుకోవడం ప్రమాదకరం.

ఏ వరుసలో వేయాలి?

గ్లేజ్‌లోని నూనెలు ఉపరితలంపై పరచుకుంటే సీలెంట్‌కు పట్టు దొరకదు. వరుస గురించి వచ్చే సందేహాలన్నిటికీ మూలం ఇదే. అందువల్ల అవసరాన్ని బట్టి రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవడం మంచిది.

1. రక్షణ ముఖ్యమైతే: కడగడం, క్లే, అవసరమైతే పాలిష్ పూర్తయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీటితో పలుచన చేసి, లేదా ఇందుకోసమే అమ్మే ద్రావణంతో, నూనె జాడలను తుడిచేయాలి. ఆపై సీలెంట్ వేయాలి. అది గట్టిపడిన తర్వాత, మర్నాడు, వాక్స్ వేయాలి. ఈ దారిలో గ్లేజ్ ఉండదు.

2. పెళ్లికో, ప్రదర్శనకో కారు కళకళలాడాలంటే: కడగడం, క్లే తర్వాత గ్లేజ్, దానిపై వాక్స్ వేయాలి. వాక్స్ గ్లేజ్‌ను కొంతకాలం కప్పి ఉంచుతుంది. గ్లేజ్ వేశాక ఆల్కహాల్‌తో తుడిస్తే మాత్రం వేసిందంతా పోతుంది.

కొన్ని సంస్థల గ్లేజ్‌లు వాటి సొంత సీలెంట్‌తో కలిసి పనిచేసేలా తయారవుతాయి. సీసాపై అలా స్పష్టంగా రాసి ఉంటే ఆ సూచననే పాటించాలి. వాక్స్ మీద సీలెంట్ వేయడం మాత్రం ఎప్పుడూ వృథాయే. మైనం అడ్డుపడి సీలెంట్ రంగును చేరదు.

ఎంత వేయాలి? ఎన్ని పూతలు?

మందంగా వేస్తే ఎక్కువ రక్షణ అనుకోవడం పొరపాటు. ఉపరితలానికి అంటుకునేది పలుచని పొర మాత్రమే. మిగిలినదంతా తుడిచి పారేయాల్సిందే. మధ్యస్థాయి కారు మొత్తానికి 30 మిల్లీలీటర్ల ద్రవ సీలెంట్ సరిపోతుంది. మెత్తని స్పాంజితో ఒక్కో భాగానికి విడిగా, మసక పొరలా పరచాలి. ఒకచోట వేలితో గీసి చూసినప్పుడు కింద రంగు శుభ్రంగా మెరిస్తే తుడవడానికి సిద్ధమైనట్టు. జిడ్డుగా సాగితే ఇంకా ఆగాలి. నాలుగు మడతలు పెట్టిన శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డను తిప్పుతూ తుడవాలి.

రెండో పూత వల్ల ప్రయోజనం ఉంది. మొదటిసారి వదిలేసిన చోట్లను అది కప్పుతుంది. ఆ తర్వాత వేసే పూతలతో లాభం స్వల్పం. కొత్త వాక్స్‌లోని ద్రావకాలు పాత వాక్స్‌ను మెత్తబరచి కొంత తొలగిస్తాయి కూడా. పదిసార్లు వేస్తే పది పొరలు నిలవవు.

మన వాతావరణంలో జాగ్రత్తలు

ఈ పూతలన్నీ నీడలో, చల్లని రేకుపైనే వేయాలి. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల మే నెలలో మధ్యాహ్నం బానెట్‌పై చేయి నిలవదు. ఆ వేడికి ద్రావకాలు క్షణాల్లో ఆవిరై మరకలు మిగులుతాయి. తెల్లవారుజామున, పైకప్పు కింద పని మొదలుపెట్టడం మేలు. తొలకరికి ముందు సీలెంట్ వేయించుకుంటే వానాకాలమంతా ఉపయోగపడుతుంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర నగరాల్లో గాలిలోని ఉప్పు కారుపై పేరుకుంటుంది. అక్కడ పూత ఎంత మంచిదైనా తరచూ కడగక తప్పదు.

బోరు నీటితో కడిగేవారికి మరో సమస్య ఎదురవుతుంది. వాక్స్ వేసిన రంగుపై నీరు ముత్యాల్లా గుండ్రంగా నిలుస్తుంది. చూడటానికి అందంగానే ఉన్నా, ఆ చుక్కలు ఎండలో ఆరితే కాల్షియం, మెగ్నీషియం లవణాలు తెల్లని మచ్చలుగా మిగిలిపోతాయి. కాబట్టి కడిగిన వెంటనే మెత్తని తువ్వాలుతో నీరు తీసేయాలి. పక్షి రెట్టను సాయంత్రం దాకా వదలకూడదు. అందులోని ఆమ్లం, ఎండ వేడి కలిసి కొద్ది గంటల్లోనే క్లియర్ కోట్‌పై గుంటలాంటి మచ్చ వేయగలవు. వాక్స్ ఆ నష్టాన్ని ఆలస్యం చేస్తుంది కానీ పూర్తిగా ఆపలేదు.

ఎవరు వేయకూడదు?

ప్రమాదం తర్వాత మళ్లీ రంగు వేయించిన భాగంపై 30 నుంచి 90 రోజుల వరకు సీలెంట్, వాక్స్ వేయకపోవడం మంచిది. రంగులోని ద్రావకాలు నెమ్మదిగా బయటికి పోవాలి. కర్మాగారంలో ఎక్కువ వేడిలో ఆరబెట్టిన కొత్త కారు రంగుకు ఈ నిరీక్షణ అవసరం లేదు. మ్యాట్ రంగు కార్లకు మామూలు గ్లేజ్, వాక్స్ తగిలితే మచ్చలుగా మెరుపు వచ్చి అందం చెడుతుంది. సిరామిక్ కోటింగ్ ఉన్న కారుకు వాక్స్ అవసరం లేదు. నల్లని ప్లాస్టిక్ అంచులపై వాక్స్ పడితే తెల్లని మరకలు మిగులుతాయి కనుక ముందే టేపు అంటించాలి.

పాత కారు కొనేటప్పుడు

అమ్మకానికి పెట్టిన పాత కారుపై గ్లేజ్, వాక్స్ వేస్తే గీతలన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. కొన్న నెల రోజులకు, నాలుగు సార్లు కడిగాక అవే గీతలు తిరిగి కనబడతాయి. అందువల్ల కారును నేరుగా పడే ఎండలో, లేదా మొబైల్ టార్చి వెలుగులో పక్కనుంచి చూడాలి. వీలైతే యజమాని అనుమతితో ఒక చిన్న భాగాన్ని పలుచన ఆల్కహాల్ గుడ్డతో తుడిచి పరిశీలించాలి. రంగు మందం కొలిచే పరికరం ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్తే మరీ మంచిది. అన్ని భాగాల్లో 120 మైక్రాన్లు చూపి, ఒక్క తలుపుపై 300 చూపితే అక్కడ తిరిగి రంగు వేసినట్టే. ఒకచోట మిగతా వాటికన్నా బాగా తక్కువ చూపితే పాలిష్‌తో అరిగి ఉండవచ్చు.

నిలబెట్టుకోవడం ఎలా?

గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే వాక్స్ త్వరగా పోతుంది. పొడి దుమ్మును పొడి గుడ్డతో తుడవడం, ఈకల బ్రష్‌తో దులపడం గీతలకు ప్రధాన కారణాలు. రోజూ పొద్దున్నే అలా తుడిచే అలవాటు ఉన్నచోట ముందు మార్చాల్సింది ఆ గుడ్డనే. దుమ్ము తక్కువగా ఉంటే తడి చేసే స్ప్రే చల్లి మైక్రోఫైబర్‌తో ఎత్తినట్టు తీయాలి. ఎక్కువగా ఉంటే నీళ్లు పోసి కడగాలి. కడిగినప్పుడు చుక్కలు కట్టకుండా నీరు రంగుపై మందంగా పరచుకుని నిలిచిపోతుంటే పూత అయిపోయిందని గుర్తు. అప్పుడు కావలసింది మరో పాలిష్ కాదు. శుభ్రంగా కడిగి, మరో పలుచని సీలెంట్ పూత వేస్తే సరిపోతుంది.