బ్యాట్ స్వింగ్ సెన్సార్

బేస్‌బాల్ బ్యాట్ పిడి చివరనుండే గుండ్రటి నాబ్‌కు తగిలించి, స్వింగ్ వేగాన్నీ దారినీ లెక్కగట్టే చిన్న ఎలక్ట్రానిక్ పరికరం. 2010 దశకంలో అమెరికాలో శిక్షణ సాధనంగా వ్యాపించింది. జెప్, బ్లాస్ట్ మోషన్, డైమండ్ కైనెటిక్స్ తొలి తరంలో పేరున్నవి. 1921లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్‌కు జరిపిన పరీక్షలను కొందరు దీనికి మూలంగా చూపుతారు. ఆ పరీక్షల్లో ఊపిరి, ప్రతిస్పందన కాలం వంటివీ చాలానే ఉన్నాయి కనుక, చౌకైన సూక్ష్మ సెన్సార్ల రాకనే ఆరంభంగా తీసుకోవడం సబబు.

లోపల మూడు అక్షాల యాక్సెలరోమీటర్, జైరోస్కోప్ ఉంటాయి. బ్యాట్ కొన వేగాన్ని పరికరం నేరుగా కొలవదు. తానున్న చోటి కదలికకు, ఆటగాడు యాప్‌లో నమోదు చేసిన బ్యాట్ పొడవును జోడించి ఆ వేగాన్ని రాబడుతుంది. పొడవు తప్పుగా ఇస్తే వేగమూ తప్పుతుంది. త్వరణాన్ని సమాకలనం చేసి వేగాన్ని, మళ్లీ చేసి స్థానాన్ని తెలుసుకుంటారు. ఈ క్రమంలో చిన్న దోషం కూడా పెరుగుతూ పోతుంది. స్వింగ్ సెకనులో చిన్న భాగంలోనే ముగియడం ఇక్కడ కలిసొచ్చే అంశం.

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో సగటు స్వింగ్ వేగమైన గంటకు 72 మైళ్లంటే సెకనుకు దాదాపు 32 మీటర్లు. ఆ వేగాన్ని కొలిచే చోటు నుంచి భ్రమణ కేంద్రం 75 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుంటే బ్యాట్ సెకనుకు దాదాపు 2,450 డిగ్రీలు తిరుగుతున్నట్టు. ఫోన్లలో వాడే జైరోస్కోప్‌ల పరిమితి సాధారణంగా సెకనుకు 2,000 డిగ్రీలు; అది దీనికి చాలదు. పైగా బంతి తగిలే వేళ, సుమారు మిల్లీసెకను పాటు, వచ్చే అదురు రీడింగులను చెదరగొడుతుంది. కాబట్టి తాకిడికి ముందరి రీడింగులే నమ్మదగినవి.

శిక్షకులు ఎక్కువగా చూసేది అటాక్ యాంగిల్, అంటే బంతిని తాకే వేళ బ్యాట్ పైకో కిందికో సాగే కోణం. బంతి కిందికి దిగుతూ వస్తుంది కనుక బ్యాట్ కొద్దిగా పైకి సాగాలన్నది బేస్‌బాల్ ఆటగాడు టెడ్ విలియమ్స్ వాదన. ఆయన పుస్తకం 'ది సైన్స్ ఆఫ్ హిట్టింగ్' 1970 నాటిది (కొన్ని చోట్ల 1971 అని కనిపిస్తుంది). సెన్సార్ ఆ వాదనకు కొలత ఇచ్చింది.

మేజర్ లీగ్ మ్యాచ్‌లలో స్వింగ్‌ను కొలిచే పనిని స్టాట్‌కాస్ట్ అనే వ్యవస్థ కెమెరాలు చేస్తున్నాయి. 2024 మేలో ఆ గణాంకాలను ప్రజలకు విడుదల చేశారు. అందులో కొన నుంచి ఆరు అంగుళాల దగ్గర కొలిచిన సగటు వేగం గంటకు 72 మైళ్లకు కాస్త అటూఇటూ. ఆటగాడు జియాన్‌కార్లో స్టాంటన్‌ది 80 దాటుతుంది. కొలిచే పద్ధతి వేరు కనుక, సెన్సార్ అంకెలను వీటి పక్కన పెట్టి పోల్చడం కన్నా, ఒకే ఆటగాడి నిన్నటి, నేటి స్వింగ్‌లను పోల్చడానికి వాడుకోవడం మేలు.

క్రికెట్‌లో ఇలాంటి సెన్సార్‌ను 2017 ఛాంపియన్స్ ట్రోఫీలో వాడారు. దాన్ని రూపొందించినది బెంగళూరుకు చెందిన స్పెక్యులర్.