పంటి పురుగు కోసం వెతికినవాళ్ళు

రెండేళ్ళ బిడ్డ ముద్దు పెట్టడానికి దగ్గరికొస్తే నోరు వాసనొస్తోందని దిగులుపడే అమ్మలు చాలామందే ఉన్నారు. కడుపులో నులిపురుగులేమో అంటారు ఇంట్లో పెద్దవాళ్ళు. పన్ను నల్లబడితే "పురుగు పట్టింది" అంటాం. నోట్లో ఏ తేడా వచ్చినా ముందు పురుగుమీదే మన అనుమానం!

ఈ అనుమానం మనది మాత్రమే కాదు. బాబిలోనియా వాళ్ళు మట్టి పలకల మీద పంటినొప్పికి మంత్రం రాసుకున్నారు. అందులో ఓ పురుగు, పండిన పళ్ళు ఇస్తానన్నా వద్దని, మనిషి పళ్ళలో, చిగుళ్ళలో చోటు కావాలని దేవుణ్ణి అడుగుతుంది. యూరప్‌లో ఖురాసానీ వాము గింజలు నిప్పుల మీద వేసి, ఆ పొగ నోటికి పట్టించేవారు. వేడికి గింజ పగిలి లోపలి తెల్లటి మొలక బయటపడితే, అదిగో పురుగు రాలిందని చూపించేవారట. మన పల్లెల్లో వాకుడు గింజల పొగ పట్టడం వినే ఉంటారు.

నిజంగా నోట్లో ఏముందో చూసినవాడు లీవెన్‌హుక్. హాలెండ్‌లోని డెల్ఫ్ట్ ఊళ్ళో బట్టల వ్యాపారి. కటకాలు తనే అరగదీసి తయారు చేసుకునేవాడు. రోజూ పొద్దున్నే ఉప్పుతో పళ్ళు తోముకునేవాణ్ణని రాసుకున్నాడు. అది చదవగానే నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అంత శుభ్రంగా ఉండే మనిషి 1683లో తన పళ్ళ సందుల్లోంచి పిండిలాంటి తెల్లటి పాచి తీసి, నీళ్ళలో కలిపి చూస్తే, అందులో సూక్ష్మజీవులు చకచకా తిరుగుతూ కనిపించాయి. జన్మలో పళ్ళు తోమని ఓ ముసలాయన పాచిలో అయితే మరీ లెక్కలేనన్ని. ఈ సంగతంతా లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు.

1728లో ఫ్రాన్స్‌లో ఫోషార్ అనే దంతవైద్యుడు పంటి పురుగనేది లేదని, పళ్ళకి చేటు చక్కెర అని పుస్తకంలో రాశాడు. 1890 నాటికి బెర్లిన్‌లో పనిచేసిన మిల్లర్ అసలు గుట్టు విప్పాడు. రొట్టె, ఉమ్మి కలిపి అందులో పీకిన పళ్ళు ఉంచి చూశాడు. నోట్లోని సూక్ష్మజీవులు తీపినీ పిండినీ ఆమ్లంగా మారుస్తాయి, ఆ ఆమ్లమే పంటిని తినేస్తుంది.

వాసన కూడా చాలావరకు వాటి పనే. నాలుక వెనక పేరుకున్న పాచిలో ఇవి కుళ్ళబెట్టే పదార్థాల నుంచే ఆ కంపు. ఈ విషయంలో మనవాళ్ళు ముందున్నారనే చెప్పాలి. నాలుక గీసుకోవడానికి బంగారం, వెండి, రాగి బద్దలు వాడమని చరకసంహిత చెప్పింది. మన ఇళ్ళల్లో చీల్చిన వేపపుల్ల చాలేది.

కానీ వేపపుల్ల నమలాలంటే గట్టి పళ్ళుండాలి. బ్రష్షులా? 1938లో నైలాన్ వచ్చేదాకా ఎక్కువగా పంది వెంట్రుకలవే. చంటిపిల్లల నోరు ఎవరికీ పట్టలేదు. "పాలపళ్ళేగా, ఊడిపోయేవేగా" అన్న మాట ఉండనే ఉంది. ఆ మాటంటే నాకు ఒళ్ళుమంట. దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళదాకా ఉండాలి. పుచ్చితే నొప్పి, చీము, రాత్రుళ్ళు ఏడుపు, అన్నం మానెయ్యడం, అన్నీ ఆ పసివాడివే.

1962లో అమెరికాలో ఫాస్ అనే డాక్టరు, పాలసీసాతో నిద్రపోయే పిల్లల పళ్ళ గురించి రాశాడు. ముందు పాడయ్యేవి పైవరస ముందుపళ్ళు. కిందవాటిని నాలుక కప్పి కాపాడుతుంది. నిద్రలో ఉమ్మి సరిగా ఊరదు కాబట్టి పాలు పళ్ళమీదే నిలిచిపోతాయి. అందులో చక్కెర కూడా కలిపితే ఇక చెప్పేదేముంది!

కాబట్టి రాత్రి ఆఖరి పాలయ్యాక పళ్ళు తోమి పడుకోబెట్టండి. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. నాలుకని తడిగుడ్డతో మెల్లిగా తుడవండి. పైపళ్ళ మీద చిగురు పక్కన సున్నపు గీతలాంటి తెల్లటి చార కనిపిస్తే నల్లబడేదాకా ఆగకుండా పళ్ళ డాక్టరుకి చూపించండి. నోరు శుభ్రంగా ఉన్నా కంపు పోకుండా, ఒక్క ముక్కులోంచే చీమిడి కారుతుంటే, అందులో పూసో శనగగింజో ఇరుక్కుందేమో. ఇంట్లో పిన్నీసులతో తియ్యబోకండి, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.