గాలి స్ప్రింగు: ఒక స్పీకర్ల జత జీర్ణోద్ధరణ

శిథిలమైన ఆలయాన్ని నిలబెడితే జీర్ణోద్ధరణ అంటాము. చెదలు తిన్న తాళపత్ర ప్రతిని సరిచూసి అచ్చుకు సిద్ధం చేస్తే పరిష్కరణ అంటాము. పాత స్పీకర్లను బాగుచేయడం నా దృష్టిలో రెండవదానికే దగ్గర. ఎందుకో చెప్పాలంటే కొంత చరిత్ర చెప్పుకోవాలి.

1950ల తొలినాళ్లలో మంద్రస్వరాలు నిండుగా పలకాలంటే బీరువా అంత పెట్టె కావలసి వచ్చేది. స్పీకరులోని కాగితపు శంకువు ముందుకూ వెనక్కూ కదులుతూ ధ్వని పుట్టిస్తుంది. దానిని తిరిగి స్వస్థానానికి లాగే పని చుట్టూ ఉన్న అంచుదీ, లోపలి ఆధారానిదీ. కదలిక పెరిగేకొద్దీ ఆ లాగుడు సమంగా ఉండదు, స్వరం వికృతమవుతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో వుడ్‌స్టాక్ నివాసి ఎడ్గర్ విల్చర్ దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. అంచును వీలైనంత వదులు చేసి, పెట్టెను గాలి చొరకుండా మూసివేశాడు. లోపల చిక్కిన గాలే స్ప్రింగు! అది లోహపు స్ప్రింగుకన్న, బిగుతైన అంచుకన్న సమంగా లాగుతుంది. అంతటి పనిచేసిన మనిషి చదివినది కళాచరిత్ర.

అప్పటి తయారీదారులు ఈ ఆలోచనను ఆదరించలేదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో విల్చర్ చెప్పిన ధ్వని పాఠాలకు వచ్చిన హెన్రీ క్లాస్ అనే శిష్యుడు తోడు నిలిచాడు. ఇద్దరూ కలసి 1954లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ సంస్థను స్థాపించారు. (గురువు ఊహకు శిష్యుడు చోటు చూపిన ఈ ఘట్టం, జీవితమంతా బడిలో గడిపిన నాకు ఎంతో ఇష్టం.) 1958లో ఏఆర్-3, 1967లో ఏఆర్-3ఏ వెలువడ్డాయి. 12 అంగుళాల వూఫరు, 25 అంగుళాల పెట్టె; బీరువా అక్కరలేకపోయింది.

తొలినాటి అంచులు పూత పూసిన బట్టవి. తరువాత, 1970 ప్రాంతంలో, ఫోము అంచులు వచ్చాయి. ఫోము అంటే పాలీయురేథేన్. గాలిలోని తేమ దాని అణుబంధాలను మెల్లగా తెంచుతుంది. పదిహేను, ఇరవై ఏళ్లలో ముట్టుకుంటే రాలిపోతుంది. మృదువైన అంచే ప్రాణమైన యంత్రానికి ఆ అంచే ముందు చావడం విధి వైపరీత్యం కాక మరేమిటి!

మా అల్లుడు బోస్టన్ దగ్గర పాతసామాన్ల అమ్మకంలో తెచ్చిన ఏఆర్-3ఏ జతను విప్పినప్పుడు నేను పక్కనే కూర్చున్నాను. ఫోము నల్లని జిగురుగా మారి కాగితానికి అంటుకొని ఉంది. దానిని గోకి తీయడానికే రెండు మధ్యాహ్నాలు పట్టింది. ఒక పరిచయస్థుడు దళసరి రబ్బరు అంచు వేయమన్నాడు, చిరకాలం ఉంటుందట. ఉంటుంది, కాని గాలి చేయవలసిన పనిని రబ్బరు చేస్తుంది. గ్రంథపాతమైన చోట పరిష్కర్త తన పద్యం రాసి కవి పేరు పెట్టడం వంటిదే అది. నేను గట్టిగా కాదన్నాను. అల్లుడు మెత్తని ఫోమునే తెప్పించాడు. జిగురు ఆరకముందే తక్కువ కంపనాల స్వరం వినిపిస్తూ, తీగచుట్ట అయస్కాంతానికి రాసుకోకుండా సరిదిద్దాడు. లోపలి గాజునూలును తీసినంతా తూచి తిరిగి పెట్టాడు. దాని పరిమాణం మారితే మంద్రం మారుతుంది. ధ్వని తగ్గించే మీటల లోపల పట్టిన పచ్చని చిలుమును గీకి శుభ్రం చేశాడు.

ఇక పరీక్ష. శంకువును వేళ్లతో సమంగా లోపలికి నొక్కి వదలాలి. గాలి కారకపోతే మెల్లగా తిరిగి వస్తుంది. ఒక పెట్టెలో అలాగే వచ్చింది. రెండవదానిలో చటుక్కున వచ్చింది. వూఫరు చుట్టూ మెత్తని ముద్ద మళ్లీ ఒత్తి, మరలు బిగించి, ఇంకొకసారి నొక్కాము. ఈసారి నెమ్మదిగా, నిట్టూర్చినట్లు వచ్చింది.