బేగంబజార్‌లో లేని బోర్డు

ఈ సంచికకు ఏదైనా రాయమని సంఘం కార్యదర్శి ఫోన్ చేసినప్పుడు బడి జ్ఞాపకాలే రాద్దామనుకున్నాను. లెక్కల సారు బెత్తం గురించి, ఇంటర్వెల్‌లో కొనుక్కున్న రేగుపళ్ల గురించి నాకంటే బాగా రాసేవాళ్లు మన 1974 బ్యాచ్‌లోనే నలుగురున్నారు. నేను బడిలో నేర్చుకోని ఒక చరిత్ర పాఠం గురించి రాస్తాను. అది యాకుత్‌పురాకు నాలుగు కిలోమీటర్ల లోపలే ఉంది. నేను మాత్రం అమెరికా వెళ్లి వచ్చాక నేర్చుకున్నాను.

1968-69లో నేను ఐదో తరగతి. ఆ ఏడాది బడి నడిచింది తక్కువ, మూసింది ఎక్కువ. తెలంగాణ ఉద్యమం. మే 1న చార్మినార్ నుంచి రాజ్‌భవన్‌కు ఊరేగింపు వెళ్లడం, కాల్పులు జరగడం ఆ తరం వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. రెండు రోజులకు, మే 3న, రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ పోయారని రేడియోలో చెప్పారు. మా పక్కింటి చాచా గుమ్మంలో కూర్చుని "హమారే షహర్ కే థే" అన్నారు. మన ఊరాయనే అని. ఊరంతా వేరే దుఃఖంలో ఉన్న రోజులవి. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేనూ మరిచిపోయాను.

రెండేళ్ల కిందట అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లాను. కెంటకీ రాష్ట్రం లూయివిల్‌లో ఉన్న మన బ్యాచ్ మిత్రుడొకడు "రారా, లింకన్ పుట్టిన ఊరు చూపిస్తా" అని హాడ్జెన్‌విల్‌కు తీసుకెళ్లాడు. కారులో గంట ప్రయాణం. అక్కడ రోడ్ల పక్కన ఇనుప స్తంభం మీద నిలబెట్టిన లోహపు బోర్డులు కనిపిస్తాయి. ఉబ్బెత్తు అక్షరాలు, రెండు వైపులా చదువుకోవచ్చు. కెంటకీ వాళ్లు 1949 నుంచి ఇలాంటివి పెడుతూ వస్తున్నారట, ఇప్పటికి రెండు వేలు దాటాయి. లింకన్ 1809లో ఆ ఊరి దగ్గర పుట్టాడు. రెండేళ్లప్పుడు కుటుంబం నాబ్ క్రీక్ అనే వాగు దగ్గరికి మారింది, ఏడేళ్లప్పుడు రాష్ట్రమే వదిలి ఇండియానాకు వెళ్లిపోయింది. అంటే కెంటకీలో ఆయన బతికింది ఏడేళ్లు. ఆ ఏడేళ్లకే అన్ని బోర్డులు! మావాడు ప్రతిదాని దగ్గరా కారు ఆపాడు.

పుట్టిన చోట పెద్ద రాతి మందిరం కట్టారు. 56 మెట్లు, ఆయన బతికిన ఏళ్లు ఎన్నో అన్ని. లోపల ఒక చిన్న దుంగల గుడిసె. లింకన్ పుట్టిన గుడిసె ఇదేనని చాలాకాలం నమ్మారు. ఆ దుంగలను ఊరూరా ప్రదర్శనలకు తిప్పారు. ఆయనకు శత్రుపక్షంలో నిలిచిన జెఫర్సన్ డేవిస్ పుట్టిన గుడిసె అని చెప్పే దుంగలతో కలిపి కూడా చూపించారు, రెండూ కలగాపులగమయ్యాయి. చివరికి చెట్టు వలయాలు పరీక్షిస్తే, ఆ కలప లింకన్ పుట్టిన చాలా ఏళ్లకు నరికినదని తేలింది. ఇప్పుడు దాన్ని ప్రతీకగా ఉంచిన గుడిసె అని చెబుతున్నారు. తప్పును ఒప్పుకుని రాసి పెట్టుకోవడం నాకు మందిరం కంటే ఎక్కువ నచ్చింది.

తిరుగు ప్రయాణంలో మావాడు అడిగాడు: "మన హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి ఎవరైనా ఉన్నారా?" యాభై ఏళ్ల తరువాత చాచా మాట చప్పున గుర్తొచ్చింది.

వచ్చాక కూర్చుని చదివాను. జాకిర్ హుస్సేన్ తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్ నుంచి వచ్చిన పఠాన్. నిజాం రాజ్యంలో న్యాయవాదిగా బాగా సంపాదించి బేగంబజార్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇంట్లోనే 1897 ఫిబ్రవరి 8న మూడో కొడుకుగా జాకిర్ పుట్టారు. ఖురాను, పారసీ, ఉర్దూ ఇంట్లోనే చెప్పించారు, సుల్తాన్ బజార్ బడిలో కూడా చదివారని చెబుతారు. 1907లో తండ్రి నలభై ఏళ్లయినా నిండకుండా పోయాడు. పదేళ్ల పిల్లవాడు తల్లితో, అన్నదమ్ములతో కాయంగంజ్ రైలెక్కాడు. మరుసటి ఏడాదే మూసీకి ఆ మహా వరద వచ్చింది. కుటుంబం వరదను తప్పించుకుందిగానీ కష్టాన్ని తప్పించుకోలేదు. 1911 ప్లేగులో తల్లీ పోయింది. అప్పుడు జాకిర్ ఇటావాలోని ఇస్లామియా హైస్కూల్‌లో చదువుకుంటున్నారు.

అలా ఊరు వదిలిన పిల్లవాడు 1920లో జామియా మిలియా స్థాపించినవాళ్లలో ఒకడయ్యాడు. బెర్లిన్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, 29 ఏళ్ల వయసులో, మూసేద్దామా అన్న స్థితిలో ఉన్న ఆ విద్యాసంస్థ బాధ్యత తీసుకున్నాడు. ఈ సంచిక చదివే మన సార్లు, టీచరమ్మలు ఒక విషయం గమనించాలి. జామియా అధ్యాపకులు ఇరవై ఏళ్లపాటు నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా పనిచేస్తామని మాట ఇచ్చారు, వాళ్లలో ఆయనా ఉన్నారు. మన ఉర్దూ మీడియం మిత్రులకు 'అబ్బూఖాన్ కీ బక్రీ' అనే మేక కథ తెలిసే ఉంటుంది. అది రాసింది ఈయనే. 1962లో ఉపరాష్ట్రపతి, 1967లో రాష్ట్రపతి. పదవిలో ఉండగా కన్నుమూసిన మొదటి రాష్ట్రపతి కూడా. ఆయన పోయాక జరిగిన ఎన్నికలో వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి పోటీపడ్డారు. ఇద్దరు తెలుగువాళ్ల ఆ పోటీ గురించి మనం ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ కుర్చీ ఎలా ఖాళీ అయిందో చెప్పుకోం.

ఒక ఆదివారం పొద్దున్నే నేనూ, నా బెంచీ మిత్రుడూ బయల్దేరాం. యాకుత్‌పురా నుంచి దబీర్‌పురా దర్వాజా, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా నయాపూల్ దాటాం. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టుకు దణ్ణం పెట్టుకున్నాం. 1908 వరదలో ఆ చెట్టెక్కి నూట యాభై మంది బతికారని చెప్పే చెట్టు అది. అక్కడి నుంచి అఫ్జల్‌గంజ్, బేగంబజార్.

ఆదివారమైనా బజారు బజారే. స్టీలు సామాన్ల దుకాణాలు, ఎండు ఫలాల బస్తాలు, తోపుడు బండ్లు. ఛత్రీ దగ్గర ఒక పెద్దాయన్ని అడిగితే ఎడమకు చూపించాడు. ఆ గల్లీలో ఇంకో దుకాణదారు కుడికి చూపించాడు. మూడో ఆయన "జాకిర్ హుస్సేనా, తబలా ఆయనా?" అన్నాడు. మావాడు నవ్వాడు, నాకు నవ్వు రాలేదు. రెండు గంటలు తిరిగాం. మేం తిరిగిన గల్లీల్లో ఆ పేరున్న రాయిగానీ బోర్డుగానీ కనబడలేదు.

ఈ ఊరికి బోర్డులు పెట్టడం రాదని కాదు. జాకిర్ పుట్టిన 1897లోనే, ఆగస్టు 20న, రొనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. బేగంపేటలో ఆయన పేరున భవనమే ఉంది. ఆబిడ్స్‌లో సరోజినీ నాయుడు ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ నిలిచే ఉంది. బరంపురంలో గిరిగారి చిన్ననాటి ఇల్లు ఆయన పేరుతోనే ఆడపిల్లల హైస్కూలైంది. జాకిర్ హుస్సేన్‌ను ఢిల్లీ, అలీగఢ్ తమవాడంటాయి. పదేళ్లు పెంచిన ఊరు అనలేదు. ఆయన తమ్ముడు యూసుఫ్ హుస్సేన్ ఖాన్ తిరిగి ఇక్కడికే వచ్చి ఉస్మానియాలో చరిత్ర చెప్పారు. అయినా ఆ ఇంటి కథ బజారులో నిలవలేదు.

మావాడిది తొందర. "మన సంఘం తరఫున ఏదో ఒక పాత ఇంటికి రాయి కొట్టేద్దాం, ఎవరడుగుతారు?" అన్నాడు. నేను కెంటకీ గుడిసె సంగతి చెప్పాను. పెడితే వీధి మొదట్లో పెడదాం, "ఈ బేగంబజార్‌లో 1897 ఫిబ్రవరి 8న జాకిర్ హుస్సేన్ పుట్టారు" అని తెలుగులో, ఉర్దూలో రాయిద్దాం, ఫలానా గుమ్మం అని రాయొద్దు అన్నాను. గొణిగాడుగానీ ఒప్పుకున్నాడు. అనుమతి కోసం దరఖాస్తు మావాడే రాస్తున్నాడు.

ఇదంతా మన సంచికలో ఎందుకంటారా? స్వర్ణోత్సవం గుర్తుగా మన బడి మొదలైన అద్దె ఇంటి ముందు ఒక శిలాఫలకం పెట్టాలని సంఘం తీర్మానించింది కదా. రైలు స్టేషను వెనకాల ఇల్లని కొందరు, ఏతేబార్ చౌక్ వైపు ఇల్లని కొందరు వాదిస్తున్నారు. మొన్నటి సమావేశంలో ఓట్లు వేసి తేల్చుకుందామన్నారు. ఇల్లు ఎక్కడుండేదో ఓట్లతో తేలదని నేను అడ్డుపడ్డాను, కొందరికి కోపమొచ్చింది. మొదటి రెండు బ్యాచ్‌ల అన్నయ్యలు, అక్కయ్యల్లో ఎవరి ట్రంకుపెట్టెలోనైనా చిరునామా ఉన్న ఫీజు రసీదో, టీసీయో, ఆ రోజుల కార్డు ముక్కో ఉంటే దయచేసి పట్టుకురండి. పెద్ద అక్కయ్య ఒకావిడ తనకు బాగా గుర్తుందని, బడి వాకిట్లో బావి ఉండేదని చెప్పారు. వెళ్లి విచారించాను. రెండిళ్లలోనూ బావి ఉండేదట.