ఓటరు ఆనవాలు, తపాలా ఓటు: దర్శి సీమలో డెబ్బది ఏండ్ల చరిత్ర

2024వ సంవత్సరము మే నెల 13వ తేదీన ఆంధ్రప్రదేశ్ శాసనసభకును లోకసభకును ఒకేమారు పోలింగు జరిగెను. రాష్ట్రమునందలి 175 శాసనసభా నియోజకవర్గములలో అన్నింటికంటె మిన్నగా ఓట్లు నమోదైనది దర్శి నియోజకవర్గము. అచట నూటికి 90.91 వంతున పోలింగు జరిగెను. అందరికంటె వెనుకబడిన తిరుపతిలో అది 63.32 మాత్రమే. రాష్ట్రము మొత్తముమీద నమోదైనది 81.86. అందులో 80.66 ఓటింగు యంత్రముల ద్వారాను, 1.2 తపాలా ఓట్ల ద్వారాను వచ్చినవి.

దర్శి, ముండ్లమూరు, తాళ్లూరు, దొనకొండ, కురిచేడు మండలములు సిరిసంపదలకు పేరుపడిన సీమ కాదు. సాగరు కుడికాలువ నీరు అందిన చోట మాగాణి, అందని చోట మెట్ట. బ్రతుకుతెరువు కొరకు పరాయి పట్టణములకు పోయినవారు ఇంటింటను ఉన్నారు. అట్టి సీమ ఓటు విషయమున రాష్ట్రమునకు మొదటి స్థానమున నిలిచినదనుట గర్వింపదగిన సంగతియే. అయితే ఆ అంకె వెనుక రెండు పాత ప్రశ్నలు దాగియున్నవి. ఓటు వేయ వచ్చిన మనిషి ఎవరని తేల్చుట యెట్లు? రాలేని మనిషి ఓటు పెట్టెకు చేరుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలకు కాలక్రమమున దొరకిన సమాధానములే ఓటుహక్కు చరిత్రలో సగభాగము.

పన్ను పుస్తకమే ఆనవాలు

ఆంగ్లేయుల కాలమున దర్శి నెల్లూరు జిల్లాలోను, మార్కాపురము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోను ఉండెడివి. అన్నియు చెన్నరాజధానిలోనివే. 1919, 1935 సంవత్సరముల శాసనముల ప్రకారము జరిగిన ఎన్నికలలో ఓటు అందరిదికాదు. పన్ను, ఆస్తి, చదువు మొదలగు అర్హతలు గలవారికే అది దక్కెడిది. 1921లో చెన్నరాజధాని స్త్రీలకు ఓటుహక్కు ఇచ్చినను, ఆ అర్హతలు వారికిని అడ్డుగనే నిలిచినవి. భూమిలేని కూలికి, మగ్గమువాడికి, గొఱ్ఱెలకాపరికి ఓటు సంగతియే తెలియదు.

ఓటర్లు కొలదిమందియే గనుక ఆనవాలు పట్టుట ఆ దినములలో కష్టముకాలేదు. కరణము చేతిలోని పన్ను లెక్కయే గుర్తింపు పత్రము. అందు పేరున్నవాడు ఊరంతకును తెలిసినవాడే. అయినను ఒకరి పేర మరియొకరు ఓటు వేయుట అను దుర్మార్గము అప్పటికే పొడసూపినందున 1920లో శిక్షాస్మృతియందు దానిని నేరముగా చేర్చిరి.

మొగము చూచి గుర్తించిన కాలము

1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము ఈ కట్టుబాట్లనన్నింటిని ఒక్క దెబ్బతో తెంచివేసెను. 326వ అధికరణము ఇరువదియొక్క సంవత్సరములు నిండిన ప్రతి స్త్రీకిని పురుషునకును ఓటిచ్చెను. 1951 అక్టోబరునుండి 1952 ఫిబ్రవరివరకు జరిగిన తొలి సార్వత్రిక ఎన్నికలలో జాబితాకు ఎక్కినవారు సుమారు 17 కోట్ల 30 లక్షలమంది. 1951 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యులు నూటికి పదునెనిమిది మందియే. అందుచేత ప్రథమ ప్రధాన ఎన్నికల అధికారియైన సుకుమార్ సేన్ ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టెను, పెట్టెకొక గుర్తును ఏర్పాటుచేయించిరి. చదువురానివాడు గుర్తు చూచి ఆ పెట్టెలో చీటి వేసెడివాడు.

గుర్తు చూచుట సులువైనను, మనిషిని గుర్తించుట అంత సులువుకాలేదు. ఉత్తరాదిని అనేక స్థలములలో స్త్రీలు తమ పేరు చెప్పుటకు సమ్మతింపక ‘ఫలానావాని భార్య’, ‘ఫలానావాని తల్లి’ అనియే వ్రాయించుకొనిరి. సొంతపేరు లేనిదే ఓటు లేదని సుకుమార్ సేన్ గట్టిగా నిలిచినందున సుమారు 28 లక్షల స్త్రీల నమోదులు జాబితాలనుండి తొలగిపోయినవి. ఆనాడు అది కఠినముగా తోచినను, స్త్రీకి సొంతపేరుతో పౌరసత్వము నిలిచినది ఆ పట్టుదలవలననే.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించెను. 1955 ఫిబ్రవరిలో దాని శాసనసభకు మధ్యంతర ఎన్నికలు జరిగెను. ఆ కాలపు పోలింగు కేంద్రమున ఓటరు చేత కార్డు లేదు, పటము లేదు. జాబితాలో ఇంటి నెంబరు, పేరు, తండ్రిపేరు లేక భర్తపేరు, వయస్సు మాత్రమే ఉండెడివి. ఒకే ఇంటిపేరు గల వెంకటేశ్వర్లు ముగ్గురు, సుబ్బమ్మలు నలుగురు ఉన్న ఊరిలో తండ్రిపేరో, భర్తపేరో చెప్పనిదే మనిషి తేలడు. ఓటర్లను గుర్తించుటకు తగినవారి సాయము పొందు అధికారము పోలింగు అధికారికి నిబంధనలలోనే కలదు. గ్రామములలో ఆ సాయము మునసబు కరణములదిగా ఉండెడిది. ఎదుట అభ్యర్థుల ఏజెంట్లు కూర్చుండెడివారు.

ఏజెంటుకు అనుమానము తోచినచో రెండు రూపాయలు కట్టి ‘ఇతడు ఆ మనిషి కాడు’ అని అభ్యంతరము చెప్పవచ్చును. అధికారి విచారించి తీర్పు చెప్పును. అభ్యంతరము వట్టి పేచీయని తేలినచో ఆ రూపాయలు సర్కారు పాలగును. ఇక తాను వచ్చునప్పటికే తన ఓటును మరియొకరు వేసిపోయినట్లు తెలిసినవాడు ఉత్తచేతులతో తిరిగిపోనక్కరలేదు. తాను తానేయని రుజువు చేసికొన్నచో అతనికి వేరొక చీటి ఇత్తురు. దీనికే ‘టెండరు ఓటు’ అని పేరు. దానిని వేరుగా కవరులో భద్రపరతురు. మామూలు లెక్కింపులో అది చేరదు గాని, వివాదము న్యాయస్థానమునకు పోయినప్పుడు అది సాక్ష్యముగా నిలుచును. ఓటింగు యంత్రములు వచ్చిన తరువాత కూడ ఈ పద్ధతి నిలిచియే యున్నది.

రెండవమారు ఓటు వేయకుండ ఆపుటకు ఎడమ చూపుడువ్రేలిపై చెరగని సిరా పెట్టుచున్నారు. 1962 ఎన్నికలనుండి మైసూరులోని రంగుల కర్మాగారము దేశమంతకును ఆ సిరాను సరఫరా చేయుచున్నది. పేదవానికిని ధనికునకును సమానముగా పడు ఆ చుక్క ప్రజాస్వామ్యమునకు సరియైన బొట్టు.

పటము గల కార్డు

మొగము చూచి గుర్తుపట్టుటకు ఊరు చిన్నదై యుండవలెను, జనము కదలకుండ ఉండవలెను. ఈ రెండును క్రమముగా మారినవి. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల భాగములతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశము జిల్లాయని పేరు పొందెను. 1984లో రాష్ట్రమున మునసబు కరణముల వ్యవస్థ రద్దయ్యెను. 1989లో 61వ రాజ్యాంగ సవరణచే ఓటు వయస్సు పదునెనిమిదికి దిగగా కొత్త మొగములు వేలకొలది జాబితాకు ఎక్కినవి.

ఇట్టి తరుణమున 1990 డిసెంబరులో ప్రధాన ఎన్నికల అధికారియైన టి.ఎన్. శేషన్ 1993లో ఓటర్లందరికిని పటముతో కూడిన గుర్తింపు కార్డు ఇయ్యవలెనని ఆజ్ఞాపించిరి. ఖర్చు ఎక్కువయని ప్రభుత్వములు వెనుకాడినను ఆయన పట్టు విడువలేదు. తరువాతి కాలమున ఓటర్ల జాబితాలోనే పేరు ప్రక్కన పటము అచ్చుపడుచు వచ్చెను.

కార్డు విషయమున సామాన్యులకు రెండు పొరపాటు అభిప్రాయములు కలవు. కార్డు ఉన్నచో ఓటు ఉన్నట్లేయనునది మొదటిది. ఇది నిజము కాదు. ఓటునిచ్చునది జాబితా, కార్డు కేవలము మనిషిని చూపునది. జాబితాలో పేరు లేనివాని చేతి కార్డు తాళము లేని తాళపుచెవి వంటిది. కార్డు పోయినచో ఓటు పోయినట్లేయనునది రెండవది. ఇదియు నిజము కాదు. 2024 ఎన్నికలలో ఆధారు, ఉపాధిహామీ జాబుకార్డు, పటము అంటించిన బ్యాంకు లేక పోస్టాఫీసు పాసుపుస్తకము, డ్రైవింగు లైసెన్సు, పాను కార్డు, పటము గల పింఛను పత్రము, దివ్యాంగుల గుర్తింపు కార్డు మొదలగు వానిలో ఏది చూపినను చాలునని సంఘము ప్రకటించెను. పేరులో అక్షరదోషమున్నను మనిషి తేలినచో ఓటు నిరాకరింపరాదని కూడ చెప్పెను. అయితే ఇంటికి పంచియిచ్చు ఓటరు చీటి ఒక్కటే చూపి ఓటు వేయుటకు 2019నుండి వీలులేదు.

ఇంగ్లండుతో పోల్చిచూచినచో ఇది ఎంత ముందడుగో తెలియును. అచట పటము గల గుర్తింపును తొలిసారిగా కోరినది 2023 మే నెల స్థానిక ఎన్నికలలోనే. తపాలా ఓటు విషయమున మాత్రము వారు ముందున్నారు. 2001నుండి అచట కోరిన ప్రతివానికిని కారణము అడుగకయే తపాలా ఓటు ఇచ్చుచున్నారు. అమెరికాలోని ఆరెగన్ రాష్ట్రమున 2000వ సంవత్సరపు అధ్యక్ష ఎన్నిక పూర్తిగా తపాలా మూలముననే జరిగెను. భారతదేశము ఆ త్రోవ పట్టలేదు. ఇంటిలో కూర్చుండి వేయు ఓటుపై ఇంటి పెద్ద, ఊరి పెద్ద చేయి పడునేమోయను భయమే ఇందుకు ముఖ్య కారణము.

తపాలా ఓటు

అయినను తపాలా ఓటు ఈ దేశమున తొలి ఎన్నికలనాటిదే. సరిహద్దున నిలిచిన సైనికునకు, విదేశములలోని ప్రభుత్వోద్యోగికి, నిర్బంధ శాసనము క్రింద చెరలోనున్నవానికి, ఎన్నికల పనిలో నుండువానికి అది లభించెను. గిద్దలూరు ప్రాంతమున సైన్యమునకు బిడ్డలను పంపిన ఇండ్లవారికి ఈ సంగతి క్రొత్తదికాదు. పూర్వము చీటి పోవుటకే దినములు పట్టి, అది తిరిగి వచ్చులోపల లెక్కింపు ముగిసెడిది. 2016లో నిబంధనలు సవరించి, చీటిని విద్యుత్ మార్గమున సైనికునకు పంపు ఏర్పాటు చేసిరి. అతడు దానిని అచ్చుతీసి, గుర్తుపెట్టి, తపాలాలో తిరిగి పంపును.

2019లో ఎనుబదేండ్లు దాటిన వృద్ధులకును, నూటికి నలుబదివంతులకు తక్కువగాని అంగవైకల్యము గలవారికిని ఈ సదుపాయము వర్తింపజేసిరి. 2024లో వృద్ధుల వయస్సును ఎనుబదియైదుకు పెంచిరి. కోరినవారు నోటిఫికేషను వెలువడిన ఐదు దినములలో 12డి దరఖాస్తు ఇయ్యవలెను. అధికారులే ఇంటికి వచ్చి, రహస్యమునకు భంగము రాకుండ ఓటు వేయించుకొని పోదురు. అట్లు అనుమతి పొందినవారు మరల పోలింగు కేంద్రమున ఓటు వేయజాలరు.

తపాలా ఓటులో ఎదుట మనిషి ఉండడు గనుక అచట ఆనవాలు కాగితముపైననే నిలువవలెను. గుర్తుపెట్టిన చీటి లోపలి కవరులో ఉండును. ఓటరు ప్రమాణపత్రము, దానిపై అధికారి ధ్రువీకరణ వెలుపలి కవరులో ఉండును. లెక్కించువారు మొదట ప్రమాణపత్రమును చూతురు. అది సరిగా లేనిచో లోపలి కవరు విప్పనే విప్పరు. ఒక సంతకము మరచినందున పూర్తి ఓటు చెల్లకుండపోవుట అరుదుకాదు. 2024లో ధ్రువీకరించిన అధికారి సంతకమున్నను ముద్రయు హోదాయు లేని పత్రములు చెల్లునా చెల్లవా యను వివాదము ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకును, అచటినుండి సుప్రీముకోర్టుకును పోయెను. చెల్లుననిన ఎన్నికల సంఘము ఉత్తర్వులో లెక్కింపునకు ముందు న్యాయస్థానములు జోక్యము చేసికొనలేదు. ఒక్క ముద్రకై దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు పోవలసి వచ్చినదన్నచో, ఓటు ఎంతటి సన్నని దారముపై నిలుచునో ఊహింపవచ్చును.

బస్సెక్కి వచ్చు ఓటు

సైనికునకు దారి దొరకినది. వృద్ధునకు దారి దొరకినది. దొరకనిది వలసకూలికి. హైదరాబాదులో తాపీపని చేయువానికిగాని, బెంగుళూరులో కట్టడముపై ఇటుకలు మోయు స్త్రీకిగాని నేటికిని తపాలా ఓటు లేదు. ఓటు కావలెనన్నచో కూలి వదలుకొని, చార్జీలు పెట్టుకొని, సొంతయూరికి రావలెను. 2024 మే నెలలో హైదరాబాదునుండి ఆంధ్రప్రదేశ్ వైపు దారులన్నియు ఇట్టివారితో క్రిక్కిరిసినవి. దర్శి సీమ సాధించిన 90.91 అను అంకెలో ఈ ప్రయాణముల శ్రమయు కలిసియున్నది.

వలసపోయిన చోటనుండియే ఓటు వేయుటకై ఎన్నికల సంఘము ఒక యంత్రమును రూపొందించి దాని విషయమై 2023 జనవరిలో రాజకీయ పక్షములతో చర్చించెను. సందేహములు అనేకములు రాగా అది అమలుకు రాలేదు. విదేశములందలి భారతీయులకు 2010 చట్టసవరణ ఓటిచ్చినను, వారును పాసుపోర్టు చేతబట్టుకొని స్వయముగా రావలసినదే.

మనిషిని తేల్చుట, మనిషిని చేరుట అను రెండును ఒకదానికొకటి లాగుచుండును. ఆనవాలు మరీ బిగించినచో నిజమైన ఓటరు గడప దాటలేడు. మరీ సడలించినచో దొంగఓటరు లోపలికి వచ్చును. డెబ్బది ఏండ్ల చరిత్ర ఈ రెంటి నడుమ తూకమును వెదకిన చరిత్రయే. వలసకూలి విషయమున ఆ తూకము ఇంకను కుదరలేదు.

గ్రంథాలయము చేయదగిన పని

తూకము కుదురువరకు గ్రామములు ఊరకుండనక్కరలేదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడిననాటినుండి తెలుగునాట గ్రంథాలయము పుస్తకముల గది మాత్రమే కాక, ఊరికి తెలివి నేర్పు స్థలముగా నుండెను. రాత్రి బడులలో అక్షరములు దిద్దినవారు పిమ్మట తమ పేరు తామే వ్రాసికొనిరి. తన పేరు తాను చదువగలవాడు జాబితాలో తన పేరు తానే చూచుకొనగలడు. ముసాయిదా జాబితా వెలువడినప్పుడు దానిని గ్రంథాలయమున నలుగురికిని చదివి వినిపించుట, వలసపోయిన ఇండ్లవారికి కబురు చేయుట, పదునెనిమిది నిండిన బిడ్డలచే దరఖాస్తు పెట్టించుట, మంచము పట్టిన ముసలమ్మకు 12డి కాగితము గడువులోపల చేర్చుట, ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. వీనికి కావలసినది ఒక బల్ల, ఒక దీపము, చదువగల ఒక మనిషి. రజతోత్సవము జరుపుకొను గ్రామ గ్రంథాలయమునందు ఈ మూడును ఉన్నవి. జాబితాలో లేని పేరుకు ఏ కార్డును ఓటు తేలేదు గనుక, ఆ పేరును ముందుగా వెదకిపెట్టు ఊరే తన ఓటును నిలుపుకొనును.